ఇంటిపేరుతో సహా

"నీ పేరేంటి బాబూ?"

టైలరుకు ఒళ్లు మండిపోయింది. ఆ ముసలావిడ ఇలా అడగడం మూడు రోజుల్లో ఇది పదోసారి.

విరిగిన తొడ ఎముకకు ఆపరేషనై ఈ ఆసుపత్రి మంచం మీద పడి ఉన్నాడు. కట్టు కింద కాలు సలుపుతోంది, నిద్ర లేదు, పైగా ఈ పరీక్ష ఒకటి.

విసుగ్గానే చెప్పాడు. వీధికి ముగ్గురికి ఉండే పేరు అతనిది.

"అలా కాదు. ఇంటిపేరుతో సహా చెప్పు."

ఆవిడ అక్కడెవరికీ బంధువు కాదు. రోజూ నాలుగింటికి, రోగుల్ని చూడ్డానికి జనాన్ని వదలగానే వచ్చేది. మంచం మంచానికీ తిరిగి అందరిచేతా ఇంటిపేర్లు చెప్పించేది. మీరే కదా ఫలానా అని ఎవరడిగినా ఊరికే ఆఁ అనెయ్యొద్దనీ, పేరంతా చెప్పమనీ ఒకటే పోరు. వార్డు ఆవిడకు ఇంటిపేరత్తయ్య అని పేరు పెట్టేసింది.

పెళ్లి సంబంధాలు చూసే మనిషై ఉంటుందని టైలరు భార్య అనుమానం. లేకపోతే ఇందరి ఇంటిపేర్లు ఆవిడకెందుకట?

ఇక లాభం లేదనుకుని టైలరు గార్డును పిలిచాడు. ఈవిడ మళ్లీ కనిపిస్తే కంప్లయింటు రాసిస్తానన్నాడు.

గార్డు మొహమాటపడుతూనే ఆవిణ్ణి బయటికి నడవమన్నాడు.

ఆవిడ బతిమాలలేదు. "ఒక్కసారి చెప్పు బాబూ, వెళ్లిపోతాను," అంది.

పీడా పోతుందని టైలరు ఇంటిపేరుతో సహా గట్టిగా అరిచి చెప్పాడు. వార్డంతా నవ్వింది. ఆవిడా నవ్వుతూనే వెళ్లింది.

మర్నాడు పొద్దున్నే టైలరుకు రక్తం ఎక్కించాలి. కొత్త నర్సు సంచీ పట్టుకుని హడావిడిగా వచ్చింది. స్టాండుకు తగిలించింది, గొట్టం చేతిలోకి తీసుకుంది, మీరే కదా అంటూ అతని పేరు చెప్పింది.

ఆఁ అనబోయాడు. నోటిదాకా వచ్చేసింది కూడా. కానీ మూడు రోజులుగా అలవాటు పడ్డ నోరు ఊరుకుంటుందా, ఇంటిపేరుతో సహా గడగడా అప్పజెప్పేసింది.

నర్సు చెయ్యి ఆగిపోయింది. సంచీ మీది చీటీ చూసింది. అతని చేతికున్న పేరు పట్టీ చూసింది.

"ఇది మీది కాదండీ."

పేరు అదే. ఇంటిపేరు వేరు, రక్తం గ్రూపు వేరు. ఆ పేరుగల రెండో మనిషి కిటికీ పక్క మంచం మీద హాయిగా పేపరు చదువుకుంటున్నాడు.

హెడ్ నర్సు పరుగెత్తుకొచ్చింది. అది ఎక్కి ఉంటే ప్రాణం దక్కేది కాదంది.

టైలరుకు మాత్రం పట్టరాని సంతోషం. బతికిపోయాను, బతికిపోయాను అని కనిపించిన ప్రతివాడికీ చెప్పాడు. అత్తయ్యకు తన చేత్తో నాలుగు జాకెట్లు కుట్టిపెడతానన్నాడు. నాలుగు కొట్టేసరికి భార్యను గేటుకు తరిమాడు.

ఆమె ఒక్కతే తిరిగొచ్చింది. తనవల్ల గొడవ ఎందుకని, ఇక రానని అత్తయ్య నిన్ననే గార్డుకు చెప్పి వెళ్లిపోయిందట.

"అసలెవరండీ ఆవిడ?" టైలరు హెడ్ నర్సును అడిగాడు.

హెడ్ నర్సు గొంతు తగ్గించింది.

"నాకు పని నేర్పిన నర్సు. ఒకాయన ఆఁ అన్నాడని వేరేవాళ్ల ఇంజెక్షను ఆయనకిచ్చేసింది. ఆయన ఎందుకు పోయాడో ఇక్కడెవరికీ తెలియలేదు, ఆవిడే వాళ్లింటికి వెళ్లి చెప్పి వచ్చింది."