బాగుందన్న వీధి

నా చేతిలో ఉన్నది నడుస్తున్న ఇన్వర్టర్ల కొట్టు. దాన్ని తాకట్టు పెట్టి, బావమరిది కొత్తగా తయారుచేసిన, సీసం బదులు ఉప్పుతో పనిచేసే బ్యాటరీకి పెట్టుబడి పెట్టాలా వద్దా అన్నది సాయంత్రంలోగా తేల్చాలి. అందుకే ఆ బ్యాటరీని బండిలో వేసుకుని వీధంతా చూపించి వస్తున్నాం.

"అందరూ బాగుందన్నారు బావా."

"నా భయం అదేరా. కొనేవాడు బాగుందని ఊరుకోడు."

చివరికి లేడీస్ టైలరు కొట్టులో దించాం. టైలరమ్మ దాని చుట్టూ తిరిగి చూసింది.

"ఉప్పంటే వానాకాలం చెమ్మగిల్లదూ? మిషన్లన్నీ ఒకేసారి నడిపితే మూలగదూ? చెడితే నువ్వొస్తావా, ఫోనెత్తకుండా తిప్పుతావా?"

వాడు మొహం మాడ్చుకుని బ్యాటరీ ఎత్తబోయాడు. "పద బావా, ఈవిడకి నచ్చలేదు."

నేను కదల్లేదు. "ఎక్కడ పెట్టుకుంటారమ్మా?"

"తలుపు దగ్గర అడ్డం. కటింగ్ బల్ల కిందైతే పడుతుంది, కానీ జానెడు ఎత్తు తగ్గాలి. తగ్గించగలవా బాబూ?"

బావమరిది బ్యాటరీ వదిలేసి, బల్ల కింద కొలవడానికి ఆమెనే టేపు అడిగాడు.

కొట్టు తాకట్టు పెట్టలేదు. పొట్టి బ్యాటరీ ఒకటి చేయడానికి సామాను మాత్రం ఇప్పించాను. వీధంతా తిరిగితే మాకు దక్కిన రాబడి, సణిగే మనిషి ఒక్కరు.