కంచె లోపలి వనం

గేటు దగ్గర బల్ల మీద పలకల్లాంటి నల్లటి అగరువత్తులు, గుప్పెడు బియ్యం, చిన్న సీసాలో బియ్యపు సారా. సోదా అయిపోయింది.

రాధారాణి పాస్ మీద ముద్ర వేసి టైము రాసింది. తొమ్మిదింపావు. గంటసేపు అనుమతి.

1983 జనవరి. జపాన్‌లోని ఒకినావా దీవి, అమెరికా వైమానిక స్థావరం. గేటుకి ఇవతల మాత్రం అంతా అమెరికాయే. దుకాణంలో డాలర్లిచ్చి మిషిగన్ ఆపిల్ పళ్లు కొనుక్కోవచ్చు.

ఆమె భర్త రామమోహన్ అమెరికా వైమానిక దళంలో డాక్టర్. సిటిజెన్‌షిప్ వచ్చిన కొద్ది నెలలకే చేరాడు. మిషిగన్‌లోని నోవైలో ఇల్లు ఖాళీ చేసి ఈ స్థావరానికి వచ్చి ఏడాదిన్నర. ఆమెకి పాస్‌ల ఆఫీసులో పని దొరికింది.

తెల్లబట్టల్లో వచ్చిన ఇద్దరిలో పెద్దావిడ ఉషి. ఎనభై నాలుగేళ్లు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత స్థావరం కంచెలోకి పోయిన ఊరికి ఆవిడ పూజారిణి.

ఊరున్న చోట ఇప్పుడు ఆఫీసర్ల క్వార్టర్స్. రాధారాణి వాళ్లుండేదీ అక్కడే. గుట్ట మీది దేవతల వనం మాత్రం అలాగే మిగిలింది.

ఏటా ఎవరో ఒక సోల్జర్ వాళ్ల వెంట లోపలికి వెళ్లేవాడు, ఈ ఏడు ఆ పని సార్జెంట్ డాసన్‌ది. సందర్శకులు కళ్లెదుటే ఉండాలని రూలు.

ఈసారి ఉషి కోడలు హారుకో రాధారాణి దగ్గరికి వచ్చి, ఆయనకి బదులు మీరు రాగలరా అని ఇంగ్లీషులో మెల్లగా అడిగింది.

ఆ వనంలో మగవాళ్లు అడుగుపెట్టకూడదట. మగవాడు ఉండగా ప్రార్థన పలకకూడదట. అందుకే అత్తగారు ముప్పై ఏళ్లుగా లోపలికి వెళ్లి, నోరు విప్పకుండా తిరిగి వస్తోందట.

ఆ ప్రార్థన మాటలు ఇంకెక్కడా పలకడానికి లేదు. రాసుకోవడానికీ లేదు. ఆవిడ తర్వాత పూజ చేయాల్సిన కోడలు ఇంతవరకు ఒక్క ముక్కా వినలేదు.

రాధారాణి లేచింది.

డాసన్ అభ్యంతరం చెప్పలేదు. జీపు రోడ్డు మీద ఆపి, అక్కడే ఉండిపోయాడు.

బాటకి రెండు వైపులా తాటిమట్టల్లాంటి ఆకులు. చివర్న గుడి లేదు. విగ్రహం లేదు. నాచు పట్టిన మూడు రాళ్లు, వాటి ముందు కాస్త చదును నేల.

రాధారాణి అలవాటుగా చెప్పులు విడిచింది.

ఆయుధాల గోదాము దగ్గర్లోనే ఉంది కనుక నిప్పు పనికిరాదు. ఉషి అగరువత్తులను వెలిగించకుండానే రాతి మీద పెట్టింది. కోడలిని పక్కన కూర్చోబెట్టుకుంది. ఆగి, ఏదో చెప్పింది.

హారుకో తల వంచుకుంది.

"ప్రార్థనయితే ఆడవాళ్లు వినొచ్చు. నేర్పేటప్పుడు మాత్రం మూడో మనిషి వినకూడదట. మీ ఉద్యోగం సంగతి నాకు తెలుసు. నేను అడగలేను."

రామమోహన్ పొద్దున కాఫీ తాగుతూ అన్న మాట ఆమెకి గుర్తొచ్చింది. "రూల్స్ బ్రేక్ చేయకు రాణీ. మనం కొత్తవాళ్లం. అన్నీ నోట్ చేస్తారు."

గాలికి ఆకులు ఒకదానికొకటి గీరుకుంటున్నాయి.

రాధారాణి చెప్పులు చేత్తో పట్టుకుని, బాట మలుపు దాటి వచ్చేసింది.

మాటలు తెలియలేదు. ఒక గొంతు పలుకుతోందని మాత్రం తెలిసింది. చాలాసేపటికి రెండు గొంతులు.

రోడ్డు మీంచి డాసన్ ఆమెని చూశాడు. వాచీ చూసుకున్నాడు. జీపు దిగలేదు.

సాయంత్రం నింపాల్సిన ఫారంలో ఒక ప్రశ్న ఉంది. సందర్శకులు అంతసేపూ మీ కళ్లెదుట ఉన్నారా?

‘నో’ అన్నచోట టిక్ పెట్టింది.

రెండు వారాల్లో ఉద్యోగం పోయింది. రామమోహన్‌ని పై ఆఫీసర్ పిలిపించాడు. ఇంటికొచ్చాక అతను చాలాసేపు బూట్లు విప్పలేదు.

"ఎస్ అని పెడితే ఎవరికి తెలిసేది?"

"పెట్టబుద్ధి కాలేదండీ."

అతను వంగి బూట్ల లేసులు విప్పుకున్నాడు.

ఏప్రిల్‌లో బదిలీ వచ్చింది. సామాను సర్దుతుంటే, హారుకో గేటు దగ్గర ఎదురుచూస్తోందని ఫోన్.

ఉషి ఫిబ్రవరి ఆఖర్లో పోయిందట. ఆ రోజు తర్వాత ఆవిడ హాయిగా నిద్రపోయేదట. వచ్చే ఏటి నుంచి ఆడ సోల్జర్‌ని తోడు పంపమని డాసన్ పైకి రాశాడట.

ప్రార్థనలో రాధారాణి సంగతి కూడా దేవతలకి చెప్పాలని అత్తగారు మరీ మరీ చెప్పి పోయిందట. చెప్పాలంటే మూడు కావాలి. పేరు, పుట్టిన సంవత్సరం, ఇల్లున్న చోటు.

హారుకో చిన్న పుస్తకం తెరిచింది. రాధారాణి తన పేరు చెప్పింది. 1949 అని చెప్పింది.

"ఇల్లు?"

పుట్టిన ఊరు తెనాలి అనబోయి ఆగింది. నోవై అనబోయి ఆగింది. వెనక్కి తిరిగి, తాము ఖాళీ చేస్తున్న క్వార్టర్స్ వైపు చూసింది.

హారుకో పెన్సిల్ పట్టుకుని, తొందరపెట్టకుండా నిలబడింది.