తెగని గీత

గురప్ప నిన్న పొద్దున అడవిలోకి వెళ్ళాడు. ఇంతవరకూ ఇంటికి రాలేదు.

ఆ మాట చెప్పడానికి అతని భార్య పెంచలమ్మ తెల్లారకముందే వచ్చి ఫారెస్టు రేంజి ఆఫీసు మెట్ల మీద కూర్చుంది. రేంజర్ రవిచంద్ర ఎనిమిదింటికి వచ్చాడు. చెడ్డవాడేం కాదు. విషయం వినగానే కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. ఆమె కుర్చీలో కూర్చోలేదు, టీ ముట్టుకోలేదు.

"భయపడొద్దమ్మా. ఇదివరకైతే మనిషి ఎటు పోయాడో తెలిసేది కాదు. ఇప్పుడు మీ ఆయన చేతిలో జీపీఎస్ ఉంది కదా," అని కంప్యూటరు ఆమె వైపు తిప్పాడు.

తెర మీద పచ్చటి కొండ. దాని మీద ఎర్రటి గీత.

"ఇది నిన్న మీ ఆయన నడిచిన దారి. సాయంత్రం అయిదుంబావు దాకా బోడిగట్టు మీద ఉన్నాడు. తర్వాత మిషన్ ఆగిపోయింది. చార్జింగ్ అయిపోయుంటుంది. మనిషి అక్కడే ఎక్కడో ఉంటాడు."

"ఆడ ఉండడు సార్," అంది పెంచలమ్మ. గొంతు పూర్తిగా బొంగురుపోయింది. రాత్రంతా ఏడ్చినట్టుంది అనుకున్నాడు రవిచంద్ర. "ఈతమాను కోనలో సూడండి."

"కోనలో ఎందుకుంటాడు?"

ఈ మిషన్ల సంగతి కాస్త చెప్పుకోవాలి. ఎర్రచందనం కాపలా కాసే వాచర్లందరికీ నాలుగు నెలల కిందట అరచేతిలో పట్టేంత జీపీఎస్ మిషన్లు ఇచ్చారు. వాచర్ నడుస్తుంటే ఆఫీసులో చుక్కలు పడతాయి. చుక్కలన్నీ కలిసి గీత అవుతుంది. గీత లేని రోజు హాజరు లేదు. అంతా బాగానే ఉంది గానీ, దట్టంగా ఉన్న చెట్ల కింద ఆ మిషన్‌కు ఆకాశం కనబడదు. ఆకాశం కనబడకపోతే చుక్క పడదు. ఎర్రచందనమేమో చెట్లున్న చోటే ఉంటుంది మరి.

వాచర్లు లబోదిబోమన్నారు. "గురప్పకు పడుతోంది, మీకెందుకు పడదు?" అని రవిచంద్ర వాళ్ళ నోళ్ళు మూయించాడు. నిజమే, గురప్ప గీత ఒక్కరోజు కూడా తెగలేదు. పన్నెండేళ్ళుగా దినకూలీ మీద ఉన్న మనిషి పేరు పర్మినెంటు జాబితాలో అందరికన్నా పైకి ఎక్కిందంటే ఆ గీత చలవే. వచ్చే నెలలో ఆర్డరు.

"నాలుగు నెలల్లో మీ ఆయన కోనలో కాలు పెట్టిందే లేదమ్మా. కావాలంటే చూడు, అక్కడ ఒక్క చుక్క లేదు," అన్నాడు రవిచంద్ర.

"అయినా కోనలోనే సూడండి సార్," అంది పెంచలమ్మ.

గోవిందు అనే వాచర్‌ను పెద్ద చేసి ఆరుగురిని బోడిగట్టుకు పంపారు. పేరుకు తగ్గట్టే దాని మీద బోదగడ్డి తప్ప ఇంకేమీ ఉండదు. ఎక్కడానికే మూడు గంటలు పడుతుంది.

ఆమె అలా నిలబడి ఉంటే చూడలేక, రవిచంద్ర ఆ గీతనే మళ్ళీ చూపించాడు. ఆమె దాని మీద వేలు పెట్టింది.

"ఈడ పెద్ద గుండు. ఈడ సందులో వంగి పోవాల. ఈడ బండలో నీళ్ళ దొన."

"అన్నీ చెప్తాడే నీకు."

ఆమె తెర మీంచి వేలు తీసేసింది.

పదకొండున్నరకు వాకీటాకీలో గోవిందు గొంతు వినిపించింది. "దొన కాడికొచ్చినాం సార్. మనిషి జాడ లేదు."

"గీత పట్టుకుని ఇంకా పైకి పోండి. పక్కకు తిరగొద్దు."

పెంచలమ్మ వంగి అతని కాళ్ళు పట్టుకుంది. "ఇద్దురినన్నా కోనకు పంపీండి సార్. కాలు ఇరిగి పడుండాడో, పాము కరిసిందో. ఆయనకు పొద్దు పోతాండాది సార్."

"లేమ్మా, లే. కోనలోనే అని ఎందుకంటున్నావో అది చెప్పు."

చెప్పలేకపోయింది. చెబితే ఏమవుతుందో గురప్ప ఆమెకు వందసార్లు చెప్పి ఉన్నాడు. పన్నెండేళ్ళ కష్టం ఒక్క మాటతో పోతుంది. తీరా ఈమె చెప్పేశాక, అతను కుంటుకుంటూ గేటు దగ్గరికొచ్చి నిలబడితే? తిరుచానూరు అమ్మవారికి తలనీలాలు మొక్కుకుంది. గేటు వైపే చూస్తూ ఇంకో రెండు గంటలు నిలబడింది. గేటు దగ్గరికి ఎవరూ రాలేదు.

రెండింటికి మళ్ళీ గోవిందు. "గట్టు కొసకొచ్చినాం సార్. ఎవురూ లేరు. బువ్వ తిన్న గుర్తు గూడా లేదు."

రవిచంద్ర ముఖం మారింది. ఎర్రచందనం అడవిలో వాచర్ మిషన్ ఆపేసి మాయమయ్యాడంటే, అతనికి తెలిసిన అర్థం ఒక్కటే.

"పెంచలమ్మా, ఎవరితో కలిశాడు మీ ఆయన?"

"ఎవురితో సార్?"

"నాటకాలొద్దు. చెట్లన్నీ ఉన్నది కోనలో. ఈయన నాలుగు నెలలుగా బోడిగట్టు మీద షికారు చేశాడు. కోనను దొంగలకు వదిలేశాడు. నేను పిచ్చివాడిలా ఆ గీతను అందరికీ చూపించి మెచ్చుకున్నాను." అతనికి గురప్ప మీదకన్నా తన మీద తనకే ఎక్కువ కోపంగా ఉంది. వాకీటాకీ అందుకున్నాడు. "గోవిందూ, చాలు. దిగి వచ్చేయండి. ఇక పోలీసులు చూసుకుంటారు."

దొంగ అన్నా పెంచలమ్మ పడేది. జైల్లో పెడతామన్నా సరేననేది. కానీ వెతకడమే మానేస్తున్నారు.

"వాళ్ళను దిగొద్దనండి సార్, కోనకు పొమ్మనండి," అంది.

"ఇంటికి పో అమ్మా."

పెంచలమ్మ రొంటిన దోపుకున్న జీపీఎస్ మిషన్ తీసి రవిచంద్ర ముందు బల్ల మీద పెట్టి, "దీనికి ఆకాశం సూపించేదానికి దినామూ ఆ గట్టు మీద నడిసింది నేను సార్, మా ఇంటాయన తిరిగింది ఆ కోనలోనే," అంది.