సరిపోయే ర్యామ్

“మళ్ళీ తప్పు ర్యామే తీసకపోయినావా అన్నా?” మస్తాన్ గొంతు పెరిగింది. అతని కంప్యూటరు దుకాణంలో మౌస్‌లు బేరమాడుతున్న ఇద్దరు తల తిప్పి చూశారు.

పరంజ్యోతి బల్ల మీద పెట్టిన ర్యామ్ పెట్టె రొయ్యల మేత వాసన కొడుతోంది. అతనిది విడవలూరు దగ్గర రొయ్యల గుంటల మీద కాపలా పని. పొద్దున్నే బస్సెక్కి నెల్లూరు వచ్చాడు. పది రోజుల్లో ఇది మూడో రాక.

“పట్టలేదబ్బయా. మార్చియ్యి.”

“ఎట్ల పడతాది? మొదటిసారి ల్యాప్‌టాప్‌దే కావాలని పొట్టిది తీసకపోయినావు. రెండోసారి డీడీఆర్ నాలుగా ఐదా అని గొంతు చించుకొని అడిగితే నాలుగన్నావు. మీ వాడి మదర్‌బోర్డు ఏందో తెలీకుండా ర్యామ్ కొంటే ఇట్లనే ఉంటాది.”

పరంజ్యోతి తల వంచుకున్నాడు. అతని కొడుకు గిద్యోనుకు పంతొమ్మిదేళ్ళు. గేములాడే కంప్యూటరు సొంతంగా తయారు చేసుకోవాలని రెండేళ్ళుగా ఒక్కో భాగమే కూడబెట్టాడు. ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు, ఫ్యాన్లు అన్నీ బిగించేశాడు. ఒక్క ర్యామే, అంటే మెమరీయే మిగిలింది. ఇంతలో రక్తం జబ్బు ముదిరింది. చేసేదేం లేదు, ఇంట్లోనే ఉంచుకోండని డాక్టర్లు పంపేసి నెల కావస్తోంది. ఆ సంగతి తెలుసు కాబట్టే మస్తాన్‌కి ఇంత కోపం. చావు ముందు నిలబడ్డ పిల్లాడికి ఒక ర్యామ్ ముక్క సరిగ్గా తీసుకెళ్ళలేడా ఈ మనిషి?

మస్తాన్ అరలోంచి రెండు ర్యామ్‌లు తీసి పక్కపక్కన పెట్టాడు.

“ఇట్ల చూడన్నా. రెండూ ఒకటే పొడుగు. అందుకే మోసపోతారు. ఈ గాట్లు చూడు. రెండూ ఒకే చోట లేవు. ఇది డీడీఆర్ నాలుగు, ఇది డీడీఆర్ ఐదు. ఐదు పెట్టే బోర్డులో నాలుగు కూర్చోదు. తలకిందులుగా తపస్సు చేసినా కూర్చోదు.”

పరంజ్యోతి రెండూ చేతిలోకి తీసుకుని బొటనవేలితో గాట్లు తడిమి చూశాడు. గుంటలో నీళ్ళ రంగు చూసేటప్పుడు కూడా అతను అంత శ్రద్ధ పెట్టడు.

“అయితే ఈ నాలుగు అసలుకే పట్టదంటావు.”

“పట్టదు.”

“ఊరికే పెట్టి చూస్తే బోర్డుకేం కాదు గదా?”

“ఏం కాదు. ఎక్కకపోతే తీసి పక్కన పెట్టడమే.”

పరంజ్యోతి తేలిగ్గా ఊపిరి వదిలాడు. “అట్లయితే నాలుగే ఇంకోటియ్యి. వేరే కంపెనీది.”

మస్తాన్‌కి తిక్క నషాళానికెక్కింది. ఇక ఈయనతో మాట్లాడి లాభం లేదనుకుని, అతని చొక్కా జేబులోంచి ఫోను లాక్కుని ఇంటికి కలిపాడు. పరంజ్యోతి భార్య ఎలిశబెతు ఎత్తి కొడుకు చెవి దగ్గర పెట్టింది.

“గిద్యోనూ, నెల్లూరు నుంచి మస్తానన్నని. నీ బోర్డుకి నాలుగా, ఐదా?”

“ఐదన్నా.” గొంతు సన్నగా, ఎక్కడో నీళ్ళ అడుగు నుంచి వచ్చినట్టుంది. “నాయనకి రెండుసార్లూ కాగితం మీద రాసిచ్చినా. ఈసారన్నా సరిగ్గా ఇచ్చి పంపన్నా. కూర్చోడానికి చాతకావట్లేదు. ఒక్కసారి ఆన్ అయితే చూడాల. అంతే.” కాసేపు ఆయాసపడ్డాడు. “నాయనని తిట్టొద్దు. ఆయనకి తెలీదు.”

మస్తాన్ ఫోను పరంజ్యోతి చేతిలో పెట్టాడు.

“రాసిచ్చినాడంట గదన్నా?”

“బస్సులో పడిపోయింది.”

“రెండుసార్లూనా?”

పరంజ్యోతి పాత పెట్టెని బల్ల మీద ముందుకు తోశాడు.

ఇక ఆగడం మస్తాన్ వల్ల కాలేదు. డీడీఆర్ ఐదు ర్యామ్ పెట్టె జేబులో వేసుకుని, దుకాణం చూస్తుండమని పక్క జెరాక్సు షాపు రెజీనాకి కేకేసి, బండి తాళాలు తీసుకున్నాడు.

“పదన్నా. గంటలో మీ ఇంట్లో ఉంటాం. నా చేతుల్తో నేనే బిగిస్తా. మధ్యాన్నానికల్లా మీ వాడు స్క్రీను చూస్తాడు. నువ్వు నాకు ఒక్క రూపాయి ఇయ్యాల్సిన పన్లేదు.”

మస్తాన్ బండి స్టార్టు చేశాడు. వెనక ఎక్కాల్సిన పరంజ్యోతి ముందుకొచ్చి హ్యాండిల్ పట్టుకున్నాడు. గుంటల దగ్గర పనిచేసి కాయలు కాసిన చేతులవి. ఎంత గుంజినా వదల్లేదు.

“నువ్వు రావద్దబ్బయా.”

“ఏందన్నా నువ్వు! పిల్లోడు అంత బతిమాలుతుంటే వినపళ్ళేదా? పోయేలోపల ఒక్కసారన్నా చూసుకోనీయవా?” అనేసి మస్తాన్ నాలుక కరుచుకున్నాడు.

పరంజ్యోతి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“అది ఐదని నాకు తెలుసబ్బయా. మొదటిరోజే తెలుసు.”

మస్తాన్ బండి ఆపేశాడు. ఏం వింటున్నాడో అతనికి అర్థం కాలేదు. “మరి తెలిసి తెలిసి...?”

“ఆస్పత్రి నుంచి వచ్చిన నాడు పాస్టరుగారు ఇంటికొచ్చి అందర్నీ మోకరించమన్నారు. నేను వాణ్ణి ఇంకొన్నేళ్ళు బతికించమని ఏడస్తా ఉంటే, వాడు మాత్రం ‘ప్రభువా, ఈ కంప్యూటరు పూర్తయ్యేదాకా నన్ను బతికుంచు, ఆ తర్వాత నీ చిత్తం’ అని ప్రార్థన చేసినాడు.” పరంజ్యోతి హ్యాండిల్ వదిలేసి రెండు చేతులూ చాచాడు. “దేవుడు ఆ మాటకి కట్టుబడి ఉండాడబ్బయా. ఆ బోర్డుకి పట్టని ర్యామే నాకియ్యి.”