ధనలక్ష్మి అంపైరింగ్

"అక్కా, బుమ్రా యార్కర్ ముందు ఆ ఆస్ట్రేలియావోడు స్టార్క్ ఏటికీ పనికిరాడని మీ ఆయనకి సెప్పు," అన్నాడు త్రినాథ్, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

ఆ ఆయన, దేవేంద్ర, అదే మంచానికి రెండో చివర కూర్చున్నాడు. పొలం గట్టు దగ్గర తగాదా వచ్చాక బావా బావమరుదులకు రెండేళ్లుగా మాటల్లేవు. అక్కకి పనసపండు ఇచ్చి పోదామని వచ్చిన త్రినాథ్‌ను మ్యాచ్ కట్టిపడేసింది.

"ఎడం సేత్తో అంత స్పీడుగా ఎవుడేస్తాడో సూపించమని మీ తమ్ముడికి సెప్పు," అన్నాడు దేవేంద్ర. నిజానికి అతనికీ బుమ్రా అంటే ప్రాణమే. బావమరిది ముందే బుమ్రా అనేశాడు, ఏం చేస్తాడు!

పనస తొనలు తీస్తూ ఇద్దరి మాటలూ మోస్తున్న ధనలక్ష్మి విసిగిపోయింది.

"ఒరే తమ్ముడూ, బుమ్రాది ఎడం సెయ్యంటరా."

ఇద్దరూ ఒక్కసారే లేచారు.

"ఓలమ్మ! ఎవులు సెప్పారే నీకు?"

"బుమ్రాది కుడిసెయ్యి అక్కా! విన్నావా బావా?"

"మీ అక్కేరా, ఏటి సేస్తాం!"

ఇద్దరూ పగలబడి నవ్వారు. ధనలక్ష్మికి రోషం వచ్చింది. ఏదో అనబోయి, ఆ 'బావా' చెవిన పడి ఆగింది. లోపలికెళ్లి ఎసట్లో ఇంకో గ్లాసుడు బియ్యం పోసింది.

కాసేపటికి బయట నవ్వులు ఆగిపోయాయి. టీవీ ఒక్కటే మాట్లాడుతోంది.

ధనలక్ష్మి గుమ్మంలోకొచ్చి, ఏమీ ఎరగనట్టు మొహం పెట్టింది.

"ఒరే, ఆ స్టార్కుది మన బొబ్బిలేనేటిరా?"