గైడు నిలబడే చోటు

"ఆత్మరక్షణకా?" అని అడిగింది విమానాశ్రయంలో కౌంటరు వెనకున్న పోలీసమ్మ, పెట్టెలోని పిస్టల్ మీది నంబరు చూస్తూ.

"కాదు. వేటకే," అంది రొవెనా.

"బతికిపోయారు. రక్షణకని నోరు జారితే ఇట్నుంచి ఇటే వెనక్కి పంపించేస్తాం. పైదేశం వాళ్ళ చేతి తుపాకీ ఇక్కడ జంతువు కోసమే. సంతకం నా ఎదురుగా పెట్టండి. ఇంట్లో పెట్టి తెచ్చింది చెల్లదు."

రొవెనా నెమ్మదిగా సంతకం పెట్టింది. నెరిసిన జుట్టు, తక్కువ మాటలు. అమెరికా నుంచి ఒంటరిగా జోహన్నెస్‌బర్గ్‌లో దిగింది. ఆమె పిస్టల్ గొట్టం మూరెడుంది. అందులో పట్టేది ఒకే ఒక్క తూటా.

"ఇంకో మాట. పర్మిట్ మీ ఒక్కరి పేరు మీదే. ఇంకెవరూ దాన్ని మోయకూడదు, తూటా నింపకూడదు. ఈ మీసాలాయన కూడా."

"నాకెందుకమ్మా ఆ బొమ్మ?" అని నవ్వాడు పక్కనే నిలబడ్డ వేట గైడు కోబస్.

"అలాంటి బొమ్మ పట్టుకుని వచ్చినాయనే కదా, నిరుడు మీ వైపు నుంచి శవపెట్టెలో ఇంటికెళ్ళాడు."

కోబస్ నవ్వు ఆగిపోయింది. రొవెనా కలానికి మూత పెట్టి, తిరిగి ఇచ్చేసింది.

ఉత్తరానికి పోయే దారంతా కోబస్‌ను ఆ మాటే తొలిచింది. పెట్టెలో వెళ్ళినవాడు అతను వేటకు తీసుకెళ్ళిన అతిథే. గాయపడ్డ అడవిదున్న మీదికొచ్చేసరికి తన రైఫిల్ మొరాయించిందని విచారణలో చెప్పాడు కోబస్. రైఫిల్ మొరాయించలేదు. కోబస్ పారిపోయాడు. అది కళ్ళారా చూసినవాడు జాడలు పట్టే సెల్లో అనే ముసలాయన ఒక్కడే. ఆ తర్వాత కోబస్‌ని పనికి పిలిచినవాళ్ళు లేరు. ఈవిడ మాత్రం గైడుగా అతనే కావాలని ఏరికోరి అడిగింది. ఈసారి కూడా కాళ్ళు మాట వినకపోతే పని పోతుంది. అంతకంటే, తను పిరికివాడన్నది ఇక ఎప్పటికీ నిజమైపోతుంది.

మర్నాడు తెల్లవారుతుండగా నెగడు దగ్గర కాఫీ తాగారు.

"నేను కాల్చేటప్పుడు మీరెక్కడ నిలబడతారు?" అని అడిగింది రొవెనా.

"మీ కుడి భుజం పక్కన. మొదటి గుండు అతిథిది. అది తప్పి దున్న మన మీదికొస్తే, అప్పుడు నాది."

"అప్పటిదాకా కదలరా?"

"కదలకూడదు. గైడు పని అదే."

"మీ రైఫిల్ ఎప్పుడైనా మొరాయించిందా?"

నెగడుకి అవతల సెల్లో గట్టిగా దగ్గాడు.

"ఒక్కసారి," అన్నాడు కోబస్.

"పాపం," అంది రొవెనా. ఆమె చేతిలోని రస్కు మెత్తబడి కాఫీలో పడిపోయింది. ఆమె దాన్ని చూడలేదు.

బయల్దేరేముందు సెల్లో కోబస్ చెవి దగ్గరికొచ్చాడు. "బూట్ల తాళ్ళు గట్టిగా కట్టుకో. పరిగెత్తేటప్పుడు ఊడిపోతాయి."

"నోర్ముయ్, ముసలోడా."

"ముయ్యబట్టే కదయ్యా, నీకీ రైఫిల్ మిగిలింది!"

ఎండెక్కేసరికి దొరికింది జాడ. మంద వెళ్ళగొట్టిన ఒంటరి దున్న అది. మోపానే చెట్ల నడుమ సెల్లో వంగి వంగి నడిచాడు. కోబస్ బూడిద సంచీ దులిపి, గాలి ఎటుందో చూసుకుంటూ వెనకే వెళ్ళాడు. కాసేపటికి సెల్లో చెయ్యెత్తాడు. పొదల అవతల నల్లటి వీపు, దానిమీద పురుగులేరుకునే పిట్టలు.

"ఇక్కణ్ణించి కాల్చండి," అన్నాడు కోబస్, పెదవులు మాత్రం కదుపుతూ.

"ఇంకా దగ్గరికి వెళ్దాం."

"పిస్టల్‌కి ఇది చాలు."

"నాకు చాలదు."

ఆమె నడిచింది. ఆమె భుజం వదలకూడదు కాబట్టి అతనూ నడిచాడు. ఒక్కసారిగా పిట్టలు లేచిపోయాయి. దున్న తల తిప్పి చూసింది. రొవెనా రెండు చేతులా పిస్టల్ ఎత్తి పట్టుకుంది. కాల్చలేదు.

"కాల్చండి!"

ఆమె కాల్చలేదు. దున్న తల దించి ఉరికింది. నేల అదిరింది. నిరుడు తన పేరు పెట్టి కేకలేసిన అతిథి గొంతు కోబస్ చెవుల్లో మోగింది. సగం అడుగు వెనక్కి వేశాడు. మళ్ళీ ముందుకు వేశాడు. కొమ్ముల కింది కళ్ళు కనబడేదాకా ఆగి, కాల్చాడు.

దున్న ముందుకాళ్ళ మీద కూలబడింది. దాని ఆఖరి ఊపిరికి లేచిన దుమ్ము వాళ్ళ బూట్ల మీద పడింది.

సెల్లో చెట్టు చాటునుంచి వచ్చి టోపీ తీశాడు. "నిలబడ్డావయ్యా," అన్నాడు. ఆ గొంతులో వెటకారం లేదు.

కోబస్‌కి ఏడుపో నవ్వో తెలియనిది ముంచుకొచ్చింది. మీసం తుడుచుకుని రొవెనా వైపు తిరిగాడు. "మీరెందుకు కాల్చలేదు? మొరాయించిందా?"

ఆమె పిస్టల్ తెరిచి చూపించింది. లోపల ఖాళీ.

"తూటా పెట్టడం మరిచిపోయారా?"

"మరిచిపోలేదు."

"పిచ్చా మీకు? ఇద్దరం చచ్చేవాళ్ళం!"

"మీరు నిలబడగలరో లేదో నాకు తెలియాలి. అందుకే వచ్చాను."

"నిలబడ్డానుగా!" అన్నాడు కోబస్. ఏడాదిగా లేని గర్వం ఆ మాటలో వినిపించింది.

"నిలబడ్డారు," అంటూ ఆమె పిస్టల్ మూసి, మొదటిసారి అతని కళ్ళలోకి నేరుగా చూసింది.

"అయితే నిరుడు మా తమ్ముడి పక్కన కూడా నిలబడగలిగేవారే."