ఉప్పు తగలని గుంట

విమానం వస్తోందని సైరన్ మోగింది. రన్‌వేకు అడ్డంగా పోతున్న మోటారు సైకిళ్లు పక్కకు తప్పుకున్నాయి. ఎవరిదో పందిపిల్లను అవతలికి తరిమారు. మకెలిటా పొద్దుటి నుంచీ కంచె దగ్గరే నిలబడి ఉంది. చేతిలోని పూల కిరీటం వాడిపోతుందేమోనని పదిసార్లు నీళ్లు చల్లింది.

“రాదు పెద్దమ్మా,” అన్నాడు ద్వీప మండలి కార్యదర్శి పెనియెలు. “అంత పెద్ద యూనివర్సిటీలో సీటు పెట్టుకుని, ఇక్కడ బురద తొక్కడానికి ఎవరొస్తారు?”

“వస్తానని రాసింది.”

“రాయడానికేం, ఎన్నయినా రాస్తారు.”

బురద అంటే మకెలిటా గుంట. టువాలు దేశంలోని ఆ చిన్న ద్వీపంలో, చేమలాంటి పులాకా దుంపలు వేసే గుంటలన్నిట్లోకీ ఉప్పునీరు ఊరి మొక్కలు కుళ్లిపోయాయి. ఆమెది ఒక్కటే పచ్చగా ఉంది. ఏ ఆకులు ఎన్నాళ్లు మాగబెట్టాలో, ఏ సముద్రపు పోటుకు ముందు వెయ్యాలో ఆమెకే తెలుసు. ఆ గుట్టు కడుపున పుట్టినవాళ్లకు తప్ప చెప్పకూడదని కట్టుబాటు. ఉన్న ఒక్క కూతురు లోసా పద్నాలుగేళ్ల కిందట చదువుకని ఈ కంచె దాటి విమానమెక్కింది. చదువైంది, ఉద్యోగమైంది, పెళ్లయింది. రాలేదు. అప్పటి నుంచి విమానం చప్పుడు వింటే మకెలిటా ఇంట్లోకి వెళ్లిపోతుంది.

గుంట పని నేర్చుకునే మనిషి ఈ విమానంలో రాకపోతే, రేపే దాన్ని పూడ్చి గోదాము కడతామని మండలి తేల్చి చెప్పింది.

“చదువంటే బయటికెళ్లి తెచ్చుకునేది పెద్దమ్మా. ఇక్కడేముంది?”

“కరువులో మీ నాన్న తిన్న దుంప ఉంది. నువ్వు ఇంత పొడుగు పెరిగింది దాంతోనే. దాచుకున్నవాళ్ల గుట్టు వాళ్లతోనే పోయిందిరా. నాది పోనివ్వను.”

తనంతట తాను అక్షరాలు దిద్దుకున్న మనిషి, గుంట పని నేర్చుకునేవాళ్లు కావాలని మూడేళ్లలో యూనివర్సిటీలకు నలభై ఉత్తరాలు రాసింది. ఒక్కదానికే జవాబు వచ్చింది, ఫొటోతో సహా. నిన్న లోసా గదిలో కొత్త చాప పరిచి, పరిచిన చాపను మళ్లీ రెండుసార్లు దులిపింది.

విమానం దిగింది. ఏడుగురు బయటికొచ్చారు. చివరి పిల్ల సంచికి రబ్బరు బూట్లు వేలాడుతున్నాయి. ఫొటోలో చూసిన ముఖమే. తిన్నగా కంచె దగ్గరికి వచ్చి నడుము వంచింది. మకెలిటా కిరీటం తొడిగి, “వచ్చావా తల్లీ,” అంది.

వచ్చినంత మాత్రాన చాలదని, మండలికి యూనివర్సిటీ కాగితం కావాలని పెనియెలు గొణిగాడు. పిల్ల కాగితం తీసి ఇచ్చింది.

“పైకి చదువు,” అంది మకెలిటా. “నలుగురూ వినేలా.”

పెనియెలు గొంతు సవరించుకున్నాడు.

“విద్యార్థిని చినాత్సు మోరి, జపాన్, గురువు మకెలిటా, టువాలు.”